ఓటు తూకం

2018 డిసెంబర్ 11న కోదాడ అసెంబ్లీ ఓట్ల లెక్కింపు ముగిసేసరికి టీఆర్ఎస్ అభ్యర్థి బొల్లం మల్లయ్య యాదవ్‌కు 89,115 ఓట్లు, కాంగ్రెస్ అభ్యర్థి పద్మావతి రెడ్డికి 88,359 ఓట్లు వచ్చాయి. తేడా 756. ఒక పెద్ద ఊళ్లో ఒకే పోలింగ్ బూతు జాబితాలో అంతకన్నా ఎక్కువ పేర్లుంటాయి. ఈ అంకెను సగం చేసి చూడండి. 378 మంది ఇటునుంచి అటు మారి ఉంటే ఇద్దరికీ సరిగ్గా 88,737 వచ్చేవి. అప్పుడు 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 65వ సెక్షన్ ప్రకారం రిటర్నింగ్ అధికారి చీటీ తీయాల్సి వచ్చేది. 379వ మనిషి కూడా మారి ఉంటే ఎమ్మెల్యే పేరే వేరయ్యేది.

గడియారం మూత తీసినవాడి కన్ను ముల్లు మీద ఆగదు, దాన్ని తిప్పే చక్రాల పళ్ల మీదికి పోతుంది. నాకు ఎన్నికల ఫలితాలు అట్లాంటివి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఫలితాలను కొన్నేళ్లవి వరుసగా పేర్చుకుని చదివితే, ఓటు ఎవరికి వేయాలో తేల్చుకోవడం ఎంత నేర్పున్న పనో కనిపిస్తుంది. మనసులో ఉన్న ఇష్టం ఒకటి. ఆ ఇష్టాన్ని నియోజకవర్గమనే చట్రంలో ఇమిడేలా చిత్రిక పట్టడం మరొకటి. ఈ రెండో పనిని మన ఓటర్లు బడిలో నేర్చుకోలేదు. ఎన్నికకొకసారి చేస్తూ చేస్తూ చెయ్యి తిరిగింది.

చట్రంలో మొదటి భాగం గీత. ఎవరెవరు కలిసి ఒక మనిషిని ఎన్నుకోవాలో చెప్పేది అదే. ఇప్పుడున్న గీతలు 2008లో పునర్విభజన ఉత్తర్వుతో ఖాయమై, 2009 ఎన్నికల నుంచి అమల్లోకి వచ్చాయి. సూర్యాపేట అంతకుముందు ఎస్సీలకు రిజర్వు అయిన స్థానం, 2009లో జనరల్ అయింది. మిర్యాలగూడ పేరుతో ఒక లోక్‌సభ స్థానమే ఉండేది. భీమిరెడ్డి నర్సింహారెడ్డి, జైపాల్‌రెడ్డి అక్కణ్ణుంచే పార్లమెంటుకు వెళ్లారు. 2008 గీతతో ఆ స్థానం మాయమైంది. ఇప్పుడు మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట మూడూ దేవరకొండ, నాగార్జునసాగర్, హుజూర్‌నగర్, నల్లగొండలతో కలిసి నల్లగొండ లోక్‌సభ స్థానంలో ఏడు భాగాలు. 2016లో జిల్లాలు విడిపోయి సూర్యాపేట, కోదాడ ఒక జిల్లాకూ మిర్యాలగూడ ఇంకో జిల్లాకూ వెళ్లినా ఓటు గీత కదల్లేదు. కలెక్టరేట్ ఒకచోట, ఎంపీ వేరొక జిల్లాతో ఉమ్మడిగా.

కోదాడ గీతను కాస్త దగ్గరగా చూడాలి. అందులో ఉన్న మునగాల, నడిగూడెం ప్రాంతం నైజాం రాజ్యం నడుమ ఇంగ్లీషు పాలన కింద ద్వీపంలా ఉండిన మునగాల పరగణా. 1959 దాకా కృష్ణా జిల్లాలో లెక్క. పక్కనే మోతె, చిలుకూరు నైజాం కింద పెరిగిన ఊళ్లు. వేర్వేరు జ్ఞాపకాలున్న పల్లెలు ఈ గీతలోపల ఒకే పాత్రలో ఓట్లు పోస్తాయి. అందుకే కోదాడలో ఓటు లెక్క కట్టేవాడు తన ఊరి గాలిని మాత్రమే నమ్మితే తప్పులో పడతాడు. కాలువ కింది ఊరి మాట వేరు, జాతీయ రహదారి పక్క ఊరి మాట వేరు.

రెండో భాగం జాబితా. బ్యాలెట్ మీద పేర్లు ఇష్టం వచ్చినట్టు రావు. ముందు గుర్తింపు ఉన్న జాతీయ, రాష్ట్ర పార్టీల అభ్యర్థులు, తర్వాత నమోదు మాత్రమే అయిన పార్టీలవాళ్లు, చివర స్వతంత్రులు. ప్రతి గుంపులోనూ వర్ణమాల వరుస, మన దగ్గర తెలుగు వర్ణమాలే. అన్నిటికన్నా కింద నోటా. పేరు, ఫోటో, గుర్తు, నీలం బటన్ ఒకే అడ్డగీతలో ఉంటాయి. చదువు రానివారికి గుర్తు, చూపు లేనివారికి బ్రెయిలీ అంకె. ఒకే మనిషి తన ఓటును నాలుగు దారుల్లో గుర్తుపట్టేలా ఆ పలకను అమర్చారు. ఆ దారుల్లో ఒకటి మసకబారితే ఎంత నష్టమో 2019 లోక్‌సభ ఎన్నికలో పక్కనున్న భువనగిరి చూపించింది. అక్కడ టీఆర్ఎస్ 5,219 ఓట్లతో ఓడింది. రోడ్డురోలర్ గుర్తుకు 27 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. తమ గుర్తు కారు అనుకుని రోలర్ నొక్కారని ఆ పార్టీ గట్టిగా వాదించింది. ఎవరికి వేయాలో ఎంత బాగా తేల్చుకున్నా ఆ ఆలోచన చివరికి ఒక చిన్న బొమ్మ మీద ఆధారపడుతుంది.

జాబితా పొడవును అదుపు చేసే నియమాల కథ కూడా కొంత ఇక్కడిదే. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండలో 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన పల్లెల గోడు ఢిల్లీ చెవికి చేరాలని జలసాధన సమితి నడిపిన ఉద్యమం అది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. గెలిచింది సూర్యాపేట మనిషి, సీపీఐ నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం. ఆ రైతులు ఓటును కాక నామినేషన్‌ను పనిముట్టుగా వాడారు. వ్యవస్థ ఏ కీలు దగ్గర నొప్పి పుడుతుందో కనిపెట్టి సరిగ్గా అక్కడే నొక్కారు. ఆ ఏడాదే చట్టం మారింది. లోక్‌సభకు డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000కు, అసెంబ్లీకి 250 నుంచి 5,000కు పెరిగింది. గుర్తింపు లేని పార్టీలవాళ్లకూ స్వతంత్రులకూ పదిమంది ప్రతిపాదకులు కావాలన్నారు. ఇప్పుడు ఆ డిపాజిట్లు 25,000, 10,000. దేశమంతటా అభ్యర్థులు కట్టే ఆ సొమ్ములో నల్లగొండ నీళ్ల కథ కొంత కలిసి ఉంది.

మూడో భాగం లెక్కింపు సూత్రం. అది ఒక్క ముక్క: అందరికన్నా ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలు. సగం దాటాల్సిన పని లేదు. నోటాకే అందరికన్నా ఎక్కువ పడినా దాని తర్వాత నిలిచిన అభ్యర్థే ఎమ్మెల్యే. ఇది మొదట్నుంచీ ఇలాగే లేదు. 1952లో నల్లగొండ లోక్‌సభ స్థానం ఇద్దరు సభ్యులది, ఓటరుకు రెండు ఓట్లు. అప్పుడే రావి నారాయణరెడ్డి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో గెలిచారు. నెహ్రూది కూడా ఇద్దరు సభ్యుల స్థానమే కాబట్టి ఆ పోలిక నిలబడుతుంది. రెండు ఓట్లున్నప్పుడు ఒకటి ఇష్టానికీ ఒకటి అవసరానికీ వేసుకోవచ్చు. 1961లో ఇద్దరు సభ్యుల స్థానాలు రద్దయ్యాక ఈ వెసులుబాటు పోయింది. ఇష్టమూ అవసరమూ ఒకే బటన్‌లో ఇమడాలి. ఓటరు పనితనానికి అసలు పరీక్ష ఇక్కడ మొదలవుతుంది.

ఆ పనితనం చూడాలంటే సూర్యాపేట కన్నా మంచి చోటు నాకు తెలియదు.

2014లో అక్కడ పోటీ నాలుగు మూలలది. టీఆర్ఎస్ నుంచి జగదీష్ రెడ్డి, కాంగ్రెస్ నుంచి దామోదర్ రెడ్డి, తెలుగుదేశం, వీళ్లతోపాటు స్వతంత్రుడిగా సంకినేని వెంకటేశ్వరరావు. జగదీష్ రెడ్డి 2,219 ఓట్లతో గెలిచారు. రెండో స్థానంలో నిలిచింది పార్టీ జెండా లేని సంకినేని. గెలిచిన ఓటు పోలైన మొత్తంలో మూడో వంతుకు కూడా చేరలేదు. 2018లో తెలుగుదేశం పక్కకు తప్పుకుంది, సంకినేని బీజేపీ తరఫున వచ్చారు, జగదీష్ రెడ్డి దామోదర్ రెడ్డి మీద 5,967 ఓట్లతో గెలిచారు. 2023లో మళ్లీ అదే ముగ్గురు. జగదీష్ రెడ్డికి 75,143, దామోదర్ రెడ్డికి 70,537. తేడా 4,606.

ఇప్పుడు మూడో వరుస చూడండి. 2014లో స్వతంత్రుడిగా సంకినేనికి 41 వేల పైన, 2018లో బీజేపీ గుర్తు మీద 39 వేల పైన, 2023లో దాదాపు 40 వేలు. జెండా మారింది, ఎదుటివాళ్ల బలం మారింది, తొమ్మిదేళ్లు గడిచాయి. ఆ రాశి మాత్రం మార్కెట్ యార్డులో పట్టా కప్పి ఉంచిన ధాన్యంలా అట్లాగే ఉంది. చుట్టూ మిగతా రాశులు పెరిగాయి. తెలుగుదేశం ఓటు కరిగి రెండు పెద్ద రాశులకూ చేరినట్టుంది. అందుకే ఒకప్పుడు రెండో స్థానానికి చాలిన 41 వేలు తర్వాత మూడో స్థానానికి దిగాయి.

ఫ్రెంచి పండితుడు మోరిస్ డువెర్జే 1951లో ఒక మాట చెప్పాడు. ఒక్కరే గెలిచే స్థానాల్లో, అందరికన్నా ఎక్కువ ఓట్లే చాలన్న చోట, పోటీ క్రమంగా ఇద్దరి మధ్యకు చేరుతుంది. ఓటర్లు మూడోవాణ్ణి గెలవలేడని వదిలేసి, మిగిలిన ఇద్దరిలో తక్కువ చెడ్డవాణ్ణి ఎంచుకుంటారు కాబట్టి. మన దగ్గర అదే మాటను “ఓటు ఖరాబు చేసుకోవద్దు” అంటారు. 1997లో గ్యారీ కాక్స్ అనే అమెరికన్ పరిశోధకుడు దీన్ని కొలిచే చక్కటి తూకం ఒకటి చూపించాడు. మూడో స్థానం ఓట్లను రెండో స్థానం ఓట్లతో భాగించాలి. సున్నాకు దగ్గరైతే ఓటర్లు మూడోవాణ్ణి పూర్తిగా వదిలేశారని, ఒకటికి దగ్గరైతే రెండో స్థానం ఎవరిదో ఎవరికీ అంతుపట్టలేదని అర్థం. ఈ తూకంలో పెడితే 2014 సూర్యాపేట ఒకటి పక్కకు వంగుతుంది. 2018లోనూ 2023లోనూ ముల్లు 0.6 దగ్గర ఆగింది. పాఠ్యపుస్తకం చెప్పినట్టు సున్నాకు జారలేదు.

ఎందుకు జారలేదు? చాలామంది దీన్ని మొండితనం అంటారు. నేను ఒప్పుకోను. చివ్వెంల మండలంలో ఒక రైతును ఊహించుకుందాం. అతని మొదటి ఇష్టం మూడో అభ్యర్థి. అతను రెండు దూరాలు కొలవాలి. మొదటి ఇష్టానికీ రెండో ఇష్టానికీ మధ్య ఎంత దూరం? రెండో ఇష్టానికీ అసలు వద్దనుకునే మనిషికీ మధ్య ఎంత దూరం? రెండో దూరం పెద్దదైతే, వద్దనుకునేవాణ్ణి ఆపడానికి ఇష్టాన్ని వదులుకోవడం తెలివైన పని. ఆ ఇద్దరూ అతని కంటికి ఒకేలా కనిపిస్తే మాత్రం వదులుకుని దక్కేదేమీ లేదు, ఇష్టం మీదే నిలబడటం సరైన లెక్క. పైగా ఓటుకు రేపటి విలువ కూడా ఉంది. 40 వేలు నిలబెట్టుకున్న మనిషి వచ్చే ఎన్నికకు బేరంలో ఉంటాడు. పది వేలకు పడిపోతే ఉండడు. ఆ 40 వేల మందిలో ఈ లెక్కలు వేసుకున్నవాళ్లు చాలామందే ఉన్నారని నా నమ్మకం.

ఈ కొలతలకు కావలసిన సరుకు అతనికి ఎక్కడ దొరుకుతుంది? సర్వేల కన్నా ముందు చుట్టరికాల్లో. బిడ్డనిచ్చిన ఊరు పెన్‌పహాడ్‌లో, బామ్మర్ది ఆత్మకూరులో, సరుకు అమ్మేది సూర్యాపేట యార్డులో. ఒక్కోచోట ఒక్కో మాట విని సరిపోల్చుకుంటాడు. అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు ఇంకొకటుంది. ఏ పార్టీ ఎన్ని బూతుల్లో ఏజెంటును కూర్చోబెట్టగలుగుతుందో చూస్తే చాలు. సభకు జనాన్ని లారీల్లో తేవచ్చు. పొద్దున్నుంచి సాయంత్రందాకా ఊరందరి కళ్లముందు ఒక జెండా తరఫున కూర్చునే మనిషి మాత్రం అద్దెకు దొరకడు.

మిర్యాలగూడలో ఈ పనితనం ఇంకో రూపంలో ఉంటుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ, రైస్‌మిల్లులు, హమాలీలు, వ్యవసాయ కూలీలు ఉన్న ఈ స్థానంలో సీపీఎంకు బలమైన పునాది ఉంది. జూలకంటి రంగారెడ్డి 1994, 2004, 2009లో గెలిచారు. ఆ మూడేళ్లూ పక్కపక్కన పెట్టి చూడండి. 1994లో వామపక్షాలు తెలుగుదేశంతో, 2004లో కాంగ్రెస్‌తో, 2009లో మహాకూటమిలో ఉన్నాయి. మూడుసార్లూ పొత్తే. పునాది ఎంత గట్టిదైనా ఇంటి కప్పుకు ఇంకొకరి దూలం కావాల్సి వచ్చింది. 2023లో కాంగ్రెస్‌తో పొత్తు చర్చలు విఫలమై సీపీఎం ఒంటరిగా నిలబడింది, మిర్యాలగూడలో కాంగ్రెస్ అభ్యర్థి బత్తుల లక్ష్మారెడ్డి 48,782 ఓట్ల మెజారిటీతో గెలిచారు. పార్టీ కుదర్చలేకపోయిన పొత్తును ఓటర్లు కొంత తమ చేతుల్లోకి తీసుకున్నారని ఆ అంకె చూస్తే అనిపిస్తుంది. యూనియన్ జెండా పట్టుకున్న చెయ్యే బూతులో వేరే గుర్తు నొక్కడానికి ఎంత తర్జనభర్జన పడి ఉంటుందో ఆలోచిస్తే ఆ మనిషి మీద గౌరవం పెరుగుతుంది. రెండు నిజాల్లో ఒకదాన్ని ఐదేళ్లపాటు పక్కన పెట్టడం తేలిక కాదు.

ఏ సభకు వేస్తున్నాం అన్నది ఇంకో కొలత. 2018 డిసెంబర్‌లో నల్లగొండ లోక్‌సభ స్థానంలోని ఏడు అసెంబ్లీ స్థానాల్లో ఆరింటిని టీఆర్ఎస్ గెలుచుకుంది, ఒక్క హుజూర్‌నగర్ కాంగ్రెస్‌ది. నాలుగు నెలలకు, 2019 ఏప్రిల్ 11న, అవే ఊళ్లు లోక్‌సభకు ఓటేసి కాంగ్రెస్ అభ్యర్థి ఉత్తమ్ కుమార్ రెడ్డిని 25,682 ఓట్లతో గెలిపించాయి. ఆయన ఖాళీచేసిన హుజూర్‌నగర్‌కు ఆ అక్టోబర్‌లో ఉపఎన్నిక వస్తే టీఆర్ఎస్ అభ్యర్థి సైదిరెడ్డి 43,358 ఓట్లతో గెలిచారు. ఏడాది తిరక్కుండా మూడు తీర్పులు. దీన్ని నిలకడ లేకపోవడం అనుకోవడం సులువు. కానీ మూడు ప్రశ్నలూ వేర్వేరు. హైదరాబాద్‌లో ఏ ప్రభుత్వం ఉండాలి? ఢిల్లీలో మన మాట ఎవరు మాట్లాడాలి? నాలుగేళ్లు మిగిలిన ప్రభుత్వంతో పని చేయించుకోవడానికి మన ఎమ్మెల్యే ఎవరైతే నయం? వేరే ప్రశ్నకు వేరే జవాబు రాసిన విద్యార్థిని ఎవరూ తప్పుపట్టరు.

2023లో ముల్లు ఇటు తిరిగింది. ఏడింటిలో ఆరు కాంగ్రెస్‌కు. పేరు మార్చుకుని బీఆర్ఎస్ అయిన టీఆర్ఎస్‌కు సూర్యాపేట ఒక్కటే మిగిలింది, అదీ మూడు మూలల పోటీలో. కోదాడలో పద్మావతి రెడ్డి మెజారిటీ 58,172. ఐదేళ్ల కిందట 756 ఓట్ల దగ్గర ఆగిన పోటీ అది. ఆర్నెల్లకు వచ్చిన లోక్‌సభ ఎన్నికలో నల్లగొండ నుంచి రఘువీర్ రెడ్డి మెజారిటీ 5,59,905.

ఇంత ఆలోచన ఒక గదిలో, అట్టముక్కల చాటున, నిమిషం లోపల పూర్తయ్యే పనిగా మారాలి. ఆ గదిని ఎంత శ్రద్ధగా కట్టారో చూడండి. మొదటి పోలింగ్ అధికారి జాబితాలో పేరూ వరుస సంఖ్యా పైకి చదువుతాడు, ఏజెంట్లు తమ ప్రతుల్లో టిక్కు పెట్టుకుంటారు. అభ్యంతరం చెప్పాలంటే ఇక్కడే. రెండో అధికారి ఎడమచేతి చూపుడువేలికి సిల్వర్ నైట్రేట్ కలిసిన సిరా రాసి, 17ఏ రిజిస్టరులో సంతకమో వేలిముద్రో తీసుకుని, వరుస సంఖ్య రాసిన చీటీ ఇస్తాడు. మూడో అధికారి ఆ చీటీ తీసుకుని కంట్రోల్ యూనిట్ మీద బ్యాలెట్ బటన్ నొక్కుతాడు. అప్పుడే చాటునున్న బ్యాలెట్ యూనిట్‌లో పచ్చదీపం వెలుగుతుంది. నీలం బటన్ నొక్కగానే ఆ పేరు పక్కన ఎర్రదీపం, వీవీప్యాట్ అద్దం వెనక వరుస సంఖ్య, పేరు, గుర్తు ఉన్న చీటీ. ఏడు సెకన్లు నిలిచి తెగి పెట్టెలో పడుతుంది. పొడవాటి బీప్ శబ్దం. మూడో అధికారి మళ్లీ నొక్కితే తప్ప ఆ మెషీన్ ఇంకో ఓటు తీసుకోదు. ఒకే చెయ్యి వందసార్లు నొక్కినా పడేది ఒక్కటే. ఓటరు ఇష్టానికి చాటు, ఓటు లెక్కకు వెలుగు. ఈ రెండింటినీ ఒకే గదిలో ఇమిడ్చిన ఆలోచన నాకు ఎప్పటికీ పాతబడదు. ఈ మెషీన్లు తయారుచేసే రెండు ప్రభుత్వ సంస్థల్లో ఒకటి మన హైదరాబాద్‌లోని ఈసీఐఎల్.

పోలింగ్ ముగిశాక ప్రిసైడింగ్ అధికారి క్లోజ్ బటన్ నొక్కుతాడు. ఇక ఆ యూనిట్ కొత్త ఓటు తీసుకోదు. టోటల్ నొక్కితే ఎన్ని పడ్డాయో వస్తుంది, ఎవరికి ఎన్నో రాదు. ఆ మొత్తం 17సీ ఫారంలోకి ఎక్కుతుంది, ఏజెంట్లందరికీ సంతకంతో ఒక్కో ప్రతి అందుతుంది. పెట్టెకు కాగితపు సీళ్లు, వాటి మీద ఏజెంట్ల సంతకాలు. లెక్కింపు రోజున టేబుల్ మీద పెట్టిన ప్రతి యూనిట్‌లోనూ ముందు ఆ సీలు చూస్తారు, తర్వాత మొత్తాన్ని 17సీతో సరిపోలుస్తారు, ఆ తర్వాతే రిజల్ట్ బటన్. 2018లో కోదాడ ఏజెంట్లు కూడా బూతుకు ఒకటి చొప్పున ఆ ప్రతులు చేతపట్టుకునే కూర్చున్నారు. రౌండు తర్వాత రౌండుగా కూడుకుంటూ వచ్చి, చివరి కాగితం దాటాక, తేడా 756 దగ్గర ఆగింది.